గిలెస్పీ అనే ఇంటిపేరు

మా పాతపాళ్య పక్క పల్లెల్లో కొత్త మనిషి ఎవరైనా వచ్చి రచ్చకట్ట మీద కూర్చుంటే, ముందు ఏ ఊరని అడుగుతారు. ఆ తరువాత ఎవరింటివారని అడుగుతారు. ఇంటిపేరు తెలిసిందంటే సగం మనిషి తెలిసినట్లే లెక్క. పిల్లను ఇచ్చి పుచ్చుకొనే మాట వచ్చినప్పుడైతే మొదటి ప్రశ్నే అది. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, వియ్యం కలవదు అంటారు. ముందెన్నడూ చూడని మనిషిని కూడా ఇంటిపేరు కలిస్తే 'అన్నా' అని పిలిచి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టిన ముసలివారిని నేను చూశాను.

బడికి వచ్చేసరికి ఈ ఇంటిపేరు చిక్కిపోయి ఒక్క అక్షరమవుతుంది. ఇంట్లో మాట తెలుగు, రిజిస్టరులో వ్రాత కన్నడం, పేరు పక్కన నిలబడేది మాత్రం ఒక ఇంగ్లీషు అక్షరం. అది ఊరి పేరుదా, తండ్రి పేరుదా, ఇంటిపేరుదా అంటే చాలామంది పిల్లలకు తెలియదు. ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పేరు ముందున్న 'ఎం' ముద్దేనహళ్ళే అనుకొనే పిల్లలు నా తరగతిలో ఏటా ఉంటారు. అది మోక్షగుండం. ఆ ఊరు ప్రకాశం సీమలో ఉంది. వారి పెద్దలు ఎన్నో తరాల కిందట అక్కడినుంచి ఇటు వచ్చారు. ఇక బెంగళూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావుగారి పేరులోని 'సి' మన చింతామణి. ఇద్దరికీ భారతరత్న వచ్చింది, ఒకరికి 1955లో, ఒకరికి 2014లో. ఇద్దరి పేర్ల ముందూ ఒక్కొక్క ఊరు ఒక్కొక్క అక్షరంలో ముడుచుకొని ఉంది.

కిందటేడు పదో తరగతి పరీక్షకు పేర్ల పట్టీ తయారు చేస్తున్నాము. అక్షరం తప్పు పడితే తరువాత దిద్దుకోవటానికి కాళ్ళరిగేలా తిరగాలి కాబట్టి, ఒక్కొక్కరినీ పిలిచి రెండుసార్లు అడిగి వ్రాస్తున్నాను. ఒక అమ్మాయి నిలబడి, "సార్, నాకు పెండ్లయితే ఈ ఇనీషియలు ఎట్లాగూ పోతుంది కదా, దీనికి ఇంత సతాయింపు ఎందుకు సార్?" అన్నది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని జవాబు దొరకలేదు.

ఆ ఉదయం ప్రార్థనలో జనగణమన పాడి అప్పుడే లోపలికి వచ్చి ఉన్నాము. ఆ పాటతో ముడిపడిన ఒకావిడ నాకు గుర్తుకు వచ్చింది. ఆమె ఐర్లండులో పుట్టి, మన పొరుగున ఉన్న మదనపల్లెలో కాపురం చేశారు. ఆమె పుట్టింటి పేరు గిలెస్పీ. ఆమెకంటే నూరేండ్ల ముందు ఇంకొక గిలెస్పీ, అతడూ ఐర్లండువాడే, మన దక్షిణాదికి గుర్రం మీద కత్తి పట్టుకొని వచ్చాడు. ఇద్దరి దారులూ ఒకే ఊరికి చేరాయి. ఆ ఊరు వేలూరు. ఈనాడు మీతో ముచ్చటించదలచుకొన్నది ఈ ఒక్క ఇంటిపేరును గురించే.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఐర్లండు వారి ఇంటిపేర్లలో 'ఓ' అనీ, 'మాక్' అనీ మొదట వచ్చే పేర్లు మీరు వినే ఉంటారు. 'ఓ' అంటే మనుమడు, ఆ వంశంవాడు. 'మాక్' అంటే కొడుకు. గిలెస్పీకి వారి గేలిక్ భాషలో అసలు రూపం 'మాక్ గిల్లా ఎస్పిగ్' వంటిది. గిల్లా అంటే సేవకుడు, ఎస్పిగ్ అంటే బిషప్పు. బిషప్పుగారి సేవకుని కొడుకు అని అర్థం. మన 'దాసరి' అనే ఇంటిపేరు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. ఐర్లండులోను, సముద్రపు పాయకు అవతల స్కాట్లండులోను బిషప్పులు అనేకులు, వారి సేవకులూ అనేకులు. అందువల్ల ఈ పేరు ఒక్క ఇంటినుంచి వచ్చింది కాదు. ఎక్కడికక్కడ పుట్టింది.

దానిమీద ఇంగ్లీషువారి చేయి పడింది. 1465లో ఒక చట్టం చేశారు. డబ్లిన్ చుట్టుపట్ల నాలుగు కౌంటీలలో ఉండే ఐర్లండు జనం ఇంగ్లీషు తీరున ఇంటిపేరు పెట్టుకోవాలన్నారు. ఏదో ఊరి పేరు కాని, నలుపు తెలుపు వంటి రంగు కాని, కమ్మరి, వడ్రంగి వంటి వృత్తి కాని పెట్టుకోవాలి. మనవాళ్ళూ ఊరినిబట్టి, వృత్తినిబట్టి పెట్టుకొన్నారు, అయితే ఎవరూ ఆజ్ఞాపించలేదు. తరువాతి శతాబ్దాలలో చాలా కుటుంబాలు 'ఓ'నూ 'మాక్'నూ తామే వదిలేసుకొన్నాయి. కచ్చేరీలో వ్రాసుకొనేవాడి నోటికి తిరిగిన రూపమే పేరయి కూర్చుంది. రిజిస్టరు వ్రాసేవాడి చేతిలో పేరు ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేనూ ఆ పని చేసేవాడినే.

ఈ గిలెస్పీలు ఎక్కడెక్కడికి పోయారో చూడండి. అమెరికాలో జాజ్ సంగీతంలో పేరుమోసిన డిజీ గిలెస్పీ నల్లజాతివాడు. 1917లో దక్షిణ కరొలినాలో పుట్టి 1993లో కాలంచేశాడు. బుగ్గలు రెండూ బూరెల్లా పొంగించి, మూతి పైకి వంగిన బూర ఊదేవాడు. ఆయన ఫొటో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అమెరికాలో నల్లవారి ఇంటిపేర్లు చాలావరకు వారి పూర్వులను కొనుక్కొన్న దొరల కుటుంబాలనుంచి వచ్చినవి. వాటిలో వంశం కనపడదు, సంత కనపడుతుంది. ఇక ఆస్ట్రేలియా క్రికెట్ జట్టులో వేగంగా బంతి వేసిన జేసన్ గిలెస్పీని మన పిల్లలకు చెప్పనక్కరలేదు. 71 టెస్టులలో 259 వికెట్లు తీశాడు. 2004లో మన బెంగళూరు మైదానంలోనూ ఆడాడు. 2006 ఏప్రిల్ 19న, తన పుట్టినరోజునాడే, చిట్టగాంగులో బంగ్లాదేశ్ మీద 201 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచాడు. చీకటి పడే వేళ అసలు బ్యాట్స్‌మన్‌ను కాపాడటానికి ముందుగా పంపినవాడు డబుల్ సెంచరీ చేయటం టెస్టులలో అదే మొదలు. ఐర్లండు, స్కాట్లండుల పేరు మోసే ఈ మనిషి ముత్తాత ఆస్ట్రేలియా ఆదివాసులలో కమిలరోయి తెగవాడు. ఇంటిపేరు చూసి మనిషిని పోల్చుకోబోతే ఇట్లా తప్పులో కాలు వేస్తాము.

వీరిద్దరూ దూరపువాళ్ళు. మనకు కావలసినవాళ్ళు మిగిలిన ఇద్దరు.

రాబర్ట్ రోలో గిలెస్పీ 1766లో ఐర్లండు ఉత్తర కోసన కౌంటీ డౌన్‌లో కోంబర్ అనే ఊళ్ళో పుట్టాడు. ఉన్న ఇంటి బిడ్డ. పదిహేడేండ్లకు గుర్రపు దళంలో చేరాడు. యౌవనంలోనే ద్వంద్వయుద్ధంలో ఒకడిని చంపి, కొన్నాళ్ళు తప్పించుకు తిరిగి, తరువాత కోర్టులో విడుదలయ్యాడు. తెగువ ఉన్నవాడు, ముక్కు మీద కోపం ఉన్నవాడు. అటువంటివాడు 1806 నాటికి ఆర్కాటులో 19వ లైట్ డ్రాగూన్లనే గుర్రపు దళానికి అధిపతిగా ఉన్నాడు.

వేలూరు కోటలో అప్పటికి ఏడేండ్లుగా టిప్పు సుల్తాను కొడుకులూ, కుటుంబమూ బందీలుగా ఉన్నారు. టిప్పు పుట్టింది మన దేవనహళ్ళిలో. 1791లో మన నందిదుర్గాన్ని ఇంగ్లీషువారు పట్టుకొన్నదీ, 1799లో శ్రీరంగపట్నంలో ఆయన పడిపోయిందీ మీకు తెలిసినవే. ఆ కోటలోనే కంపెనీవారి మద్రాసు సైన్యపు సిపాయిలు సుమారు 1500 మంది ఉండేవారు. తెలుగువారు, తమిళులు, ముసల్మానులు అందరూ కలిసిన సైన్యమది. ఉత్తరాదివారు కంపెనీ సిపాయిని 'తెలింగా' అని పిలవటానికి కారణం ఈ సైన్యమే.

1805 నవంబరులో సిపాయిలకు కొత్త ఉత్తరువులు వచ్చాయి. నుదుట నామం, విభూతి పెట్టరాదు. చెవులకు పోగులు ఉండరాదు. గడ్డం గీయాలి. పాత తలపాగా పోయి కొత్త తలకట్టు రావాలి, దానికి తోలుతో చేసిన కుచ్చు. ఆ తోలు ఏ జంతువుదో అని హిందువులకు ఒక భయం, ముసల్మానులకు మరొక భయం. కాదన్నవారికి కొరడా దెబ్బలు, కొలువు ఊడటం. ఒక మనిషిని చూడగానే ఎవరింటివాడో చెప్పే గుర్తులన్నీ ఒక్క కాగితంతో చెరిపివేయబోయారు. సిపాయిలు తిరగబడ్డారు.

1806 జూలై 10న, తెల్లవారక ముందే, వేలూరు కోటలో తుపాకులు పేలాయి. నిద్రలో ఉన్న తెల్లవారి మీద సిపాయిలు పడ్డారు. తెల్లవారు నూరుమందికి పైగా చచ్చిపోయారు. రోగులున్న ఆసుపత్రిని కూడా వదలలేదు. అది మనం దాచవలసిన సంగతి కాదు. కోట మీద టిప్పు జెండా లేచింది. ఆర్కాటుకూ వేలూరుకూ దూరం సుమారు 25 కిలోమీటర్లు. వార్త అందగానే గిలెస్పీ గుర్రం ఎక్కాడు. దళమంతా తయారయ్యేదాకా ఆగలేదు. వెంట ఇరవైమందితో ముందుగా వచ్చి చూస్తే కోట తలుపులు మూసి ఉన్నాయి. గోడ మీద ఒక మూల ఇంకా నిలిచి పోరాడుతున్న కొద్దిమంది తెల్ల సోల్జర్లు పైనుంచి తాడు వేశారు. దానిని పట్టుకొని ఎక్కాడు. వెనకనుంచి ఫిరంగులు వచ్చి తలుపులు పగులగొట్టిన తరువాత ఆ ఉదయానికే అంతా అయిపోయింది. రాజభవనంలో దొరికిన సిపాయిలను నూరుమంది దాకా గోడకు వరసగా నిలబెట్టి కాల్చేశారు. విచారణ లేదు. ఆనాడు చచ్చిన సిపాయిలు మూడు వందలకు పైగా అని లెక్క.

ఆ సెగ మన దాకా వచ్చింది. అదే ఏడు అక్టోబరులో నందిదుర్గంలోని సిపాయిలు కూడా లేవబోతున్నారని తెలిసి, బెంగళూరు నుంచి గుర్రపు దళం పరుగున వచ్చి చేరింది. ఇప్పుడు మనం ఆదివారం పూట చల్లగాలికి ఎక్కే కొండ అదే. అక్కడికి పిల్లలను తీసుకొని పోయినప్పుడు టిప్పు డ్రాప్ చూపించి, ఈ సంగతి చెప్పకుండా దిగి వస్తాము. నేనూ చాలా ఏండ్లు అంతే చేశాను.

వేలూరు తరువాత కొత్త ఉత్తరువులు రద్దయ్యాయి. మద్రాసు గవర్నరు బెంటింకునూ, ఉత్తరువులిచ్చిన సేనాపతి క్రాడక్కునూ వెనక్కి పిలిపించారు. గిలెస్పీకి మాత్రం పేరు పెరిగింది. 1811లో జావా, 1812లో యోగ్యకర్త రాజనగరు దోపిడీ, ఆపైన గూర్ఖాల యుద్ధం. 1814 అక్టోబరు 31న డెహ్రాడూన్ దగ్గర కాలుంగా కోట ముందు గుండు తగిలి పడిపోయాడు. మీరట్‌లో పూడ్చారు. చావు కబురు ఇంగ్లండు చేరకముందే అతడికి 'సర్' బిరుదు ఇచ్చారు. 1845లో కోంబర్ ఊరి నడిమధ్య పెద్ద స్తంభం కట్టి, దానిమీద అతడి విగ్రహం నిలిపారు. అతడి ఊరికి అతడు వీరుడు. అటువైపు నుంచి చూస్తే అది అబద్ధమని నేననను. అయితే గోడ దగ్గర నిలబెట్టిన నూరుమందికి ఊళ్ళు ఉండేవి, ఇంటిపేర్లు ఉండేవి. వాటిలో ఒక్కటి కూడా నా పాఠ్యపుస్తకంలో లేదు.

ఇక రెండవ గిలెస్పీ. మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ 1878 నవంబరు 7న ఐర్లండు పడమటి వైపున, రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే ఊళ్ళో పుట్టారు. పెద్ద సంసారం, ఈమె పెద్ద కూతురు. ఇంట్లో గ్రెటా అని పిలిచేవారు. సంగీతం చదువుకొని 1902లో డబ్లిన్‌లో బి.మ్యూజిక్ పట్టం తీసుకొన్నారు. 1903లో బెల్‌ఫాస్టు కవి జేమ్స్ కజిన్స్‌ను పెండ్లాడారు. ఆనాటితో గిలెస్పీ అనే పేరు ఆమె ముందునుంచి తప్పుకొంది. లోకానికి ఆమె మార్గరెట్ కజిన్స్.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. అదే 1903లో డబ్లిన్‌లో ఇంకొక పెండ్లి జరిగింది. హన్నా షీహీ అనే ఆమె, ఫ్రాన్సిస్ స్కెఫింగ్టన్ అనే అతడూ. వీరు పెండ్లిలో ఎవరి పేరూ పోగొట్టుకోలేదు. ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి 'షీహీ స్కెఫింగ్టన్' అని భార్యాభర్తలిద్దరూ పెట్టుకొన్నారు. మగవాడు భార్య ఇంటిపేరు తీసుకోవటం! నూట ఇరవై ఏండ్ల కిందటి మాట ఇది. ఈ హన్నాయే 1908లో మార్గరెట్‌తో కలిసి ఆడవారికి వోటు కావాలని ఐర్లండులో సంఘం పెట్టింది. ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒకే పోరాటం. పేరు విషయంలో మాత్రం ఒకరు ఒక దారి, మరొకరు వేరొక దారి.

వోటు కోసం మార్గరెట్ జైలుకు కూడా పోయారు. 1910లో లండనులో ప్రధానమంత్రి ఇంటి కిటికీల మీద రాళ్ళు వేసినందుకు ఒక నెల. 1913లో ఐర్లండులో మరొకసారి, అక్కడ నిరాహారదీక్ష. సంగీతం టీచరమ్మ చేసిన పనులివి. 1915లో దంపతులిద్దరూ మద్రాసు వచ్చారు. జేమ్స్ అనీ బిసెంటమ్మ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో చేరారు. 1916లో డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటును మెచ్చుకొంటూ ఆయన వ్రాసిన వ్యాసంతో ఆ కొలువు పోయింది. అప్పుడు ఆయనను మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజంవారి కాలేజీకి పంపించారు. ఒక వ్యాసం మూలంగా మదనపల్లెకు ఐర్లండు కవి దొరికాడు.

మనవాళ్ళకు మదనపల్లె అంటే టమోటా మండీ, పట్టుచీరలు, హార్స్‌లీ కొండకు దారి. చింతామణిలో ఆ బస్సు ఎక్కనివారు మనలో తక్కువ. ఆ ఊళ్ళో మార్గరెట్ స్త్రీలను కూర్చుకొని చిన్న సమాజం నడిపారు. 1917లో అడయారులో 'విమెన్స్ ఇండియన్ అసోసియేషన్' పుట్టినప్పుడు దాని వెనక ఉన్న చేతులలో ఆమెది ముఖ్యమైనది. ఆ ఏడు డిసెంబరులో ఇండియా మంత్రి మాంటేగ్ మద్రాసు వచ్చాడు. ఆడపిల్లల చదువును గురించి మాట్లాడతామని ఆమె అడిగితే, రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు వచ్చింది. సరే రాజకీయమే అనుకొని వోటు హక్కు మాటను అర్జీలో చేర్చారు. సరోజినీ నాయుడు ముందు నిలిచి ఆ బృందాన్ని నడిపించారు. ఒక అధికారి అడ్డుచెప్పిన మాటనే తలుపుగా మార్చుకోవటం అంటే ఇది. మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు వోటు 1921లో వచ్చింది.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు దక్షిణాది ప్రయాణంలో అలసి, జేమ్స్ కజిన్స్ పిలుపు మీద మదనపల్లె వచ్చారు. ఫిబ్రవరి 28 సాయంత్రం విద్యార్థుల మధ్య జనగణమన పాడారు. విన్నవారు వదలలేదు, కాలేజీ ప్రార్థనకు కావాలన్నారు. టాగూరు అక్కడే దానిని ఇంగ్లీషులోకి తిప్పి, సొంత చేతివ్రాతతో వ్రాసి ఇచ్చారు. మార్గరెట్ ఆయన నోట విని, ఆయన సరేనన్న మీదట స్వరాలు కూర్చి కాగితం మీద పెట్టారు. జాతీయగీతం బాణీ మొత్తం మదనపల్లెలోనే పుట్టిందని అభిమానంగా చెప్పేవారున్నారు. నేను అంత దూరం పోను. ఆ పాటను 1911 డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసులో పాడారు, బాణీ లేకుండా ఎట్లా పాడతారు? ఆమె చేసిన పని వేరు. ఒక కవి గొంతులో ఉన్నదానిని పదిమంది పిల్లలు రోజూ ఒకే తీరున పాడుకొనేందుకు వీలుగా కుదిర్చారు. అది చిన్న పని కాదు. రోజూ మూడు వందలమంది పిల్లలచేత ఒకే శ్రుతిలో పాడించటానికి తంటాలు పడే మాబోటివారికి దాని విలువ తెలుసు.

జేమ్స్ కజిన్స్ మన కన్నడ సీమకు చేసిన మేలును కూడా ఇక్కడే చెప్పాలి. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో చిత్రశాల రూపుదిద్దుకోవటంలో ఆయన చేయి ఉంది. 1924లో మైసూరులో ఒక విద్యార్థి తన ఇంగ్లీషు పద్యాలు తెచ్చి చూపిస్తే, నీ తల్లిభాషలో ఎందుకు వ్రాయకూడదని అడిగారట. ఆ విద్యార్థి కువెంపు. కన్నడానికి మొదటి జ్ఞానపీఠం తెచ్చినది ఆయనే. ఇంగ్లీషుకు తన తల్లిభాష చాలావరకు పోగొట్టుకొన్న దేశంనుంచి వచ్చినవాడు చెప్పిన మాట కాబట్టి అది గట్టిగా తగిలి ఉంటుందని నా ఊహ.

మార్గరెట్ 1920ల మొదట్లో సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా కూర్చున్నారు. దేశంలో ఆ పీఠం ఎక్కిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయను ఎన్నికలలో నిలబడమని ప్రోత్సహించారు. 1927లో పుణెలో అఖిల భారత మహిళా సభ మొదలవటానికి పూనుకొన్నదీ ఆమెయే. తరువాత కాలం మారింది. గాంధీగారి ఉద్యమాన్ని అణచటానికి ప్రభుత్వం అత్యవసర ఆర్డినెన్సులు తెచ్చి, వాటినే మామూలు చట్టం చేయబోయింది. మాట్లాడే హక్కు పోతుందని మార్గరెట్ మద్రాసులో బహిరంగంగా మాట్లాడారు. ఆమెకు అప్పటికి యాభై నాలుగేండ్లు. మేజిస్ట్రేటుగా శిక్షలు వేసిన మనిషికి 1932 డిసెంబరులో ఏడాది శిక్ష పడింది.

ఆమెను పంపించిన చోటు వేలూరు ఆడవారి జైలు.

రోలో గిలెస్పీ తాడు పట్టుకొని వేలూరు కోట గోడ ఎక్కి 126 ఏండ్లయింది అప్పటికి. అతడు బయటినుంచి లోపలికి పోయింది కంపెనీ రాజ్యాన్ని నిలబెట్టటానికి. ఆమెను లోపల పెట్టింది ఆ రాజ్యం వారసులు, ఇక్కడి జనం తరఫున మాట్లాడినందుకు. ఒక ఊరు, ఒక ఇంటిపేరు. కాని జైలు పుస్తకంలో చేరిన పేరు కజిన్స్ కాబట్టి, ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసేవారు అరుదు. మన వరసల ప్రకారం చూస్తే అతడు ఆమెకు తాత వరస కావాలి! మన రచ్చకట్ట మీద అయితే ఎంత కథ నడిచేదో! ఒకరు తూర్పు కోస, ఒకరు పడమటి వైపు, పుట్టుకకూ పుట్టుకకూ మధ్య 112 ఏండ్లు. చుట్టరికం నేను కట్టబోవటం లేదు.

1933లో ఆమె విడుదలయ్యారు. 1936లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలయ్యారు. 1940లలో పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. 1950లో దంపతులిద్దరూ కలిసి వ్రాసుకొన్న ఆత్మకథ వెలువడింది, దాని పేరుకు 'మేమిద్దరం కలిసి' అని అర్థం. మార్గరెట్ 1954 మార్చి 11న అడయారులో పోయారు. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

ఇదంతా నేను మరునాడు ఆ తరగతిలో చెప్పాను. ఒక పీరియడులో అయ్యేది కాదు, లెక్కల సారు పీరియడు కూడా తీసుకొన్నాను. రోలో గిలెస్పీ గోడ ఎక్కినప్పుడు మగపిల్లలు చప్పట్లు కొట్టబోయి, నూరుమందిని నిలబెట్టి కాల్చాడన్నప్పుడు ఆగిపోయారు. ప్రశ్న అడిగిన అమ్మాయి చివరిదాకా ఏమీ అనలేదు. ఇనీషియలు ఎందుకు అన్నదానికి ఇది సూటి జవాబు కాదని నాకూ తెలుసు. అందుకని ఇంకొక పని పెట్టాను. మీ అమ్మ పుట్టింటి పేరు, మీ అమ్మమ్మ పుట్టింటి పేరు, మీ నాయనమ్మ పుట్టింటి పేరు, వారి అమ్మలవి కూడా, ఇంట్లో అడిగి వ్రాసుకొని రమ్మన్నాను.

సోమవారం కాగితాలు వచ్చాయి. ఒక బెంచీలో కూర్చొని నిత్యం కొట్లాడుకొనే ఇద్దరు మగపిల్లల నాయనమ్మలది ఒకే ఇంటిపేరని తేలింది. అప్పటినుంచి వాళ్ళు కొట్లాట మానలేదు, కాని ఒకరినొకరు 'బావా' అని తిట్టుకొంటున్నారు. ఆ అమ్మాయి కాగితంలో అమ్మది ఉంది, అమ్మమ్మది ఉంది, నాయనమ్మది ఉంది. ముగ్గురివీ తెలుగులో, గుండ్రని అక్షరాలతో వ్రాసింది. అమ్మమ్మ వాళ్ళమ్మ దగ్గరకు వచ్చేసరికి ఒక గీత గీసి ఖాళీ వదిలేసింది. ఏమమ్మా అని అడిగితే, "మా అమ్మమ్మకే తెలియదంట సార్. చేలూరు సంతకు పెద్దమ్మ వస్తాది, అడిగి వ్రాస్తాను" అన్నది. ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది. గీత అట్లాగే ఉంది.